ఉపచారవృత్తి నేర్పిన పాఠములు: తెలుగు స్త్రీలును, పరభాషా ప్రాంతముల ఆసుపత్రులును

ఆసుపత్రుల చరిత్ర వ్రాయువారు సామాన్యముగా వైద్యుల చరిత్రను వ్రాయుదురు. లేనిచో భవనములకు ధనమిచ్చిన దాతల చరిత్రను వ్రాయుదురు. పునాదిరాతిమీద చెక్కిన పేర్లు చరిత్రకారునకు సులభముగా దొరకును. రాత్రి రెండు గంటలకు రోగి నోట చెంచాతో నీరు పోసి, తడిసిన దుప్పటి మార్చి, నాడి చూచి, చీటీలో అంకె వేసిన మనిషి పేరు ఏ రాతిమీదను కానరాదు. నేను చెన్నపట్టణమునందలి ఆసుపత్రులలో ముప్పదియేండ్లకు పైగా నర్సుగా పనిచేసితిని. స్వీయచరిత్ర చెప్పుకొనుట ఈ వ్యాసమున నా యుద్దేశము కాదు. ఆ పనిలో నాకు పుట్టిన ప్రశ్నలకు సమాధానములను పూర్వచరిత్రలో వెదకితిని. దొరకినంతవరకు ఇందు పొందుపరచుచున్నాను. ఆంధ్రదేశమునకు వెలుపల తరతరములుగా కాపురమున్న మన కుటుంబములకు అందులో ప్రత్యేకముగా సంబంధించిన విషయమొకటి కలదు. రోగి మాట తెలియని చోట ఎంత గొప్ప వైద్యమైనను తడవుకొనుచునే నడచును.

చెన్నపట్టణమున 1844లో ప్రసూతి ఆసుపత్రి నెలకొనెను. ఎగ్మూరులోని నేటి స్త్రీల ఆసుపత్రి దాని సంతతియే. 1854లో మంత్రసానులకు శిక్షణనిచ్చు పాఠశాలను ప్రభుత్వము మంజూరు చేసెను. 1871లో జనరల్ ఆసుపత్రిలో నర్సుల శిక్షణ ఆరంభమయ్యెను. దానిని నడిపినవారు ఇంగ్లండునుండి వచ్చిన నర్సులు. మొదటి విద్యార్థినులు ఆంగ్లో-ఇండియను యువతులు. పాఠము ఇంగ్లీషున, ఆజ్ఞ ఇంగ్లీషున, చీటీమీది వ్రాత ఇంగ్లీషున సాగినవి. నాటి చెన్నపట్టణము గంజాము మొదలు నెల్లూరు వరకును, బళ్ళారి మొదలు కడప వరకును గల తెలుగు జిల్లాలకు రాజధాని. అనగా మంచముమీద పరుండినవారిలో తెలుగువారికి కొదువ లేదు. మంచము ప్రక్కన నిలిచినవారిలో వారి భాష వినగలవారు అరుదు.

ఆ ఆసుపత్రికి రాని స్త్రీలకు దిక్కెవరు? మంత్రసాని. తమిళులు ఆమెను మరుత్తువచ్చి యనిరి. కన్నడిగులు సూలగిత్తి యనిరి. మరాఠీలో సుయీణ, ఒడియాలో ధాయి. ఈ సూలగిత్తి యను మాటలోని 'సూలు' మన 'చూలు'నకు తోబుట్టువే. చూలాలు అను మాట నేటికిని మన వాడుకలో నున్నది గదా! నాటి దొరల నివేదికలు మంత్రసానిని అజ్ఞానమునకు ప్రతిరూపముగా చిత్రించినవి. అందులో సత్యము లేకపోలేదు. మరగించని కత్తితోను, కొడవలితోను బొడ్డుకోయుటచేత ధనుర్వాతము సోకి ఎందరు పసికందులు పురుటింటిలోనే కడతేరిరో! ఆ లోపమును కప్పిపుచ్చి మంత్రసానిని ఆకాశమునకెత్తు నేటి కొందరి ధోరణియు నాకు సమ్మతము కాదు. కాని ఆ నివేదికలు చూడని దొకటున్నది. నొప్పులు మొదలయిన క్షణమునుండి మాయ పడువరకు, తరువాత పురిటిస్నానము వరకు, ఆమె ఆ యిల్లు కదలదు. చూలాలితో ఆమె మాటలోనే మాటాడును, వెన్ను రుద్దును, తిట్టును, నవ్వించును. బొడ్డుతాడును మరగించిన కత్తెరతో కోయుట ఆరు వారములలో నేర్పవచ్చును. కదలక కూర్చుండుట నేర్పుటకు ఏ పాఠశాలకును సులభము కాదు. శిక్షణ పొందిన మొదటి తరమునకు కత్తెర దొరకినది. కూర్చుండుటకు తీరిక మాత్రము దొరకలేదు.

స్త్రీలు ఆసుపత్రికి రాకపోవుటకు కారణము మందుమీద అపనమ్మకము కాదని మొదట గ్రహించినవారిలో మేరీ షార్లీబు ఒకరు. ఆమె 1875లో మద్రాసు వైద్య కళాశాలలో చేరి చదివి, పిమ్మట లండనులో పట్టము పొంది, 1883లో మరల మద్రాసునకు వచ్చెను. 1885లో ఘోషా స్త్రీలకును, ఆచారపరాయణులగు హిందూ స్త్రీలకును ప్రత్యేకముగా ఒక ఆసుపత్రి వెలసెను. దాని భవనములకై వేంకటగిరి రాజావారు లక్షరూపాయలు విరాళమిచ్చిరి. తిరువళ్ళిక్కేణిలో నేడు కస్తూరిబాగాంధి పేర నున్న ఆసుపత్రి అదియే. చికిత్స చేయువారు స్త్రీలే యని, మడి ఆచారములకు భంగము రాదని రూఢియైన పిమ్మట పల్లకీలలో స్త్రీలు వచ్చిరి. ఇట్టి వృత్తాంతమే గుంటూరునను జరిగెను. అమెరికా లూథరను మిషనుకు చెందిన అన్నా కూగ్లరు 1883లో గుంటూరు చేరెను. 1898లో ఆమె ఆసుపత్రి తెరువబడెను. దాని యెదుట ఏలూరు జమీందారులు సత్రము కట్టించిరి. రోగికి తోడువచ్చిన బంధువులు తమ వంట తాము వండుకొని, తమ మనిషిని కనిపెట్టుకొని యుండుటకు ఆ సత్రము వీలు కల్పించెను. సత్రమునకు వైద్యశాస్త్రమున స్థానము లేదు. అయినను ఆసుపత్రిలో ఒక్కనాడైన పనిచేసినవారికి దాని విలువ తెలియును. తనవారు గోడ కావల నున్నారని తెలిసిన రోగి నిద్రపోవును. నిద్రపోయిన రోగికి మందు పనిచేయును.

వేలూరు విషయము తెలుగువారికి మరింత దగ్గర. దిండివనములో ఒకే రాత్రి మువ్వురు గర్భిణులు పురుషవైద్యుని చేయి తాకరాదను కట్టుబాటుచేత మరణించుటను చూచి ఐడా స్కడ్డరు వైద్యవిద్యకు పూనుకొన్న కథ ప్రసిద్ధము. 1902లో ఆమె ఆసుపత్రియు, 1909లో నర్సుల పాఠశాలయు వేలూరున ఏర్పడెను. ఆమె బండి కట్టుకొని గుడియాత్తము దారిని వారమువారము పోయి, చెట్లక్రింద నిలిచి చికిత్స చేసెడిది. చిత్తూరు సీమకు పొరుగున నున్న ఆ గ్రామములలో తమిళమెంతయో తెలుగును అంత. 1911 వరకు చిత్తూరును ఉత్తరార్కాడు జిల్లాలోనిదే కదా! కోలారులో మెథడిస్టు మిషనువారు 1910లో స్థాపించిన ఎల్లెన్ థోబర్న్ కోవెన్ స్మారక ఆసుపత్రియు ఇట్టిదే. ఆ జిల్లాలో ఇంటి భాష తెలుగుగా గలవారు లెక్కకు మిక్కిలి. బంగారుగనుల ప్రాంతమున తమిళ, తెలుగు కూలీల కుటుంబములు ప్రక్కప్రక్క వరుసలలో కాపురముండినవి.

ఇక్కడ ఒక కఠినమైన మాట చెప్పక తప్పదు. ఇట్టి సంచికలలో మనము మన దాతలను తలచుకొందుము; తలచుకొనవలసినదే. కాని లక్షరూపాయలిచ్చిన కుటుంబములు తమ ఇంటి ఆడపిల్లను నర్సుగా పంపలేదు. పరపురుషుని దేహము తాకవలెను, మలమూత్రము లెత్తవలెను, రాత్రులు ఇల్లు విడిచి యుండవలెను, పెండ్లి కుదరదు. ఈ నాలుగు మాటలతో గౌరవకుటుంబములు తలుపు మూసికొనినవి. ఆ తలుపు వెలుపల నున్నవారు లోపలికి వచ్చిరి. గుంటూరు, నెల్లూరు మిషనులలో చదువుకొన్న తెలుగు క్రైస్తవ యువతులు, అందులో పెక్కుమంది మాల మాదిగ కుటుంబములవారు, ఈ వృత్తిని భుజమున మోసిరి. వితంతువులు కొందరు వారితో చేరిరి. బయట బావివద్ద తాకరానిదను చేతితోనే వార్డులో గంజి త్రాగింపబడెను. ప్రాణముమీదికి వచ్చినపుడు ఆ చేతినెవరును కాదనలేదు. తెలుగు సంఘసంస్కరణ చరిత్రలో ఈ అధ్యాయమునకు ఇంకను తగిన పుటలు దక్కలేదని నా యభిప్రాయము.

ఫలిత మేమనగా, 1946లో భోర్ కమిటీ నివేదిక వెలువడునాటికి బ్రిటిషు ఇండియాలో 6,300 మందికి ఒక వైద్యుడుండగా, 43,000 మందికి ఒక నర్సు మాత్రమే యుండెను. వైద్యులకంటె నర్సులు ఎక్కువగా నుండవలసినచోట లెక్క తలక్రిందులయ్యెను. ఆ అంకె కేవలము పేదరికమును చూపునది కాదు. మూసిన తలుపులను చూపునది.

ఇక భాష సంగతి. నా వృత్తిజీవితమున నేను నేర్చుకొన్న దానిలో సగము ఇక్కడనే యున్నది. నొప్పి యను ఒక్క మాటతో తెలుగువారు తృప్తిపడరు. తలకు పోటు, కురుపునకు సలుపు, కాళ్ళకు తీపు, కడుపులో నులి, ఎముకలో పీకుట, నరము గుంజుట, చర్మమునకు మంట. సలుపు అన్న మాట వినగానే లోపల చీము పట్టుచున్నదని తెలిసిన నర్సు అనుమానించును. నులి యన్నచో ప్రేగులవైపు చూచును. 'పెయిన్' అని చీటీలో వ్రాసినచో ఈ భేదమంతయు మాసిపోవును. తెలంగాణమునుండి వెళ్ళి షోలాపురమున స్థిరపడిన పద్మశాలి కుటుంబముల స్త్రీ 'నెత్తి నొస్తున్నది, పానం బాగలేదు' అనును. గోదావరి సీమనుండి వచ్చిన స్త్రీ 'ఒంట్లో నలతగా నున్నది' అనును. రెండును ఒక్క భాషయే. అయినను వినువారి చెవి రెండింటికిని అలవాటుపడి యుండవలెను.

గర్భిణుల మాటలలో ఈ చిక్కు మరింత యపాయకరము. 'నీళ్ళోసుకొన్నది' యనగా గర్భము ధరించినదని. 'నీళ్ళాడినది' యనగా ప్రసవించినదని. తెలుగు రాని వారికి రెండును స్నానపు ముచ్చటలుగా తోచును. ఇంతకంటె విషమమైన దొకటి నేను కన్నులార చూచితిని. ఒక ఆసుపత్రిలో తెలుగు పల్లెనుండి వచ్చిన గర్భిణి తనకు పూర్వము రెండుమార్లు 'కడుపు పోయినది' అని చెప్పెను. తమిళమున కడుపు పోవుట యనగా విరేచనములు. చీటీలో అట్లే వ్రాయబడి, పథ్యము చెప్పి పంపబోవుచుండిరి. వార్డు తుడుచు ఆయా ఒకతె, ఇంటిలో తెలుగు మాటాడునది, చీపురు ప్రక్కన పెట్టి, "అమ్మా, ఆమెకు రెండు గర్భములు దిగజారినవట" అని చెప్పెను. ఆ మాటతో చికిత్స దారి మారెను. ఆ గర్భిణి మంచము పట్టి కొన్ని వారములుండి, బిడ్డతో ఇంటికి పోయెను. ఆ దినమున ఆ వార్డులో వైద్యవిషయమున అందరికంటె ఉపకారము చేసినది ఆయాయే. ఆమెకు జీతము మాత్రము అందరికంటె తక్కువ.

తమిళనాట నాలుగువందల యేండ్లనుండి యున్న మన కుటుంబములవారు తమిళము మనకంటె చక్కగా మాటాడుదురు, వ్రాయుదురు. వారికి ఈ చిక్కేమున్నదని ఎవరైన అడుగవచ్చును. నేనును మొదట అట్లే తలచితిని. కోవిల్పట్టి ప్రాంతపు రైతుకుటుంబముల వృద్ధురాండ్రను చూచిన తరువాత తెలిసినది వేరు. జ్వరము తలకెక్కినపుడును, వార్ధక్యమున జ్ఞాపకము సడలినపుడును, తరువాత నేర్చిన భాష ముందుగా జారిపోవును. ఒడిలో నేర్చినది మిగులును. జీవితమంతయు సంతలో, బడిలో, కోర్టులో తమిళము మాటాడిన అవ్వ, అర్ధరాత్రి సంధిలో 'దూప, దూప' అని పలవరించును. దాహమునకు ఆ పాతమాట తెలిసిన మనిషి ప్రక్కన లేనిచో ఆమె ఏమి యడుగుచున్నదో వార్డులో నెవరికిని తెలియదు. తన మనుమలకే తెలియకపోవుట నేను చూచితిని. వారు ఇంటిలో తెలుగు మానివేసి ఒక తరమయ్యెను. ప్రవాసమున మాతృభాషను నిలుపుకొనుటను గూర్చి మన సభలలో చెప్పు కారణములు సాహిత్యగౌరవము, సంస్కృతి మొదలైనవి. అవ్వకు మంచినీళ్ళు అందుట యను కారణము నెవరును చెప్పగా నేను వినలేదు.

చట్టముల విషయము క్లుప్తముగా చెప్పుదును. నర్సులను, మంత్రసానులను నమోదు చేయు శాసనము మద్రాసు రాజధానిలో 1926లో వచ్చెను. దేశమున రిజిస్ట్రేషను కౌన్సిలు ఏర్పడుటలో మద్రాసుదే ముందడుగు. బరంపురమును, బళ్ళారియు నాడు ఆ రాజధానిలోనివే. 1936లో బరంపురము ఒరిస్సాకును, 1953లో బళ్ళారి మైసూరుకును చేరినవి. యానాము 1954 వరకు ఫ్రెంచివారి యేలుబడిలో నుండుటచే ఈ శాసనమునకు లోబడినది కాదు. సరిహద్దులు మారినపుడు ఆఫీసుల భాష మారును, పాఠశాలల భాష మారును. పురిటినొప్పుల భాష మారదు. 1947 నాటి ఇండియను నర్సింగు కౌన్సిలు చట్టముతో శిక్షణకు దేశమంతట ఒక ప్రమాణ మేర్పడెను. 1946లోనే వేలూరున పట్టపరీక్షకు చదువు నర్సింగు కళాశాల వెలసెను. ఇవి యన్నియు మేలైనవే. రోగి మాటను వినుట మాత్రము ఏ పరీక్షలోను ప్రశ్నగా రాలేదు.

పాత విద్యయు కొత్త విద్యయు వేరువేరు దారులని తలచువారు సూలగిత్తి నరసమ్మగారి జీవితమును చూడవలెను. కర్ణాటకమున తుమకూరు జిల్లాలోని పావగడ తాలూకా మూడువైపుల ఆంధ్రసీమ చుట్టుకొనియున్న ప్రదేశము. అక్కడి కృష్ణాపురమున 1920లో ఆమె జన్మించెను. సంచారజాతికి చెందిన కుటుంబము. ఇంటి భాష తెలుగు. బడి యెరుగదు. పండ్రెండవయేట పెండ్లి, పండ్రెండుగురు సంతానము, వారిలో నలుగురు పసితనముననే పోయిరి. ఆమె పురుళ్ళలో అయిదింటిని పోసినది ఆమె అవ్వ మరిగెమ్మ. ఆ అవ్వయే ఆమెకు గురువు. 1940లో, ఇరువదియేండ్ల వయస్సున, తన మేనత్త పురుడుతో నరసమ్మగారు తొలిసారి చేయి పెట్టెను. తరువాత డెబ్బదియేండ్లలో పదునైదువేలకు పైగా పురుళ్ళు పోసెను. ఒక్క దానికిని రుసుము పుచ్చుకొనలేదు. కడుపుమీద చేయి వేసి శిశువు తల యెక్కడనున్నదో, నాడి ఎట్లున్నదో చెప్పగలిగెడిదని ప్రసిద్ధి. ఇందు మాయమంత్రమేమియు లేదు. గర్భిణిని పరీక్షించుటలో మాకు శిక్షణాలయమున నేర్పిన మొదటి పాఠమదియే. మేము నేర్చినది నెలలలో, ఆమె నేర్చినది వేలకొలది కడుపులమీద. వైద్యులు దూరముగానున్న ఆ మెట్టపల్లెలలో ఆమె చేయియే ఆసుపత్రి. తుమకూరు విశ్వవిద్యాలయము 2014లో ఆమెకు గౌరవ డాక్టరేటు నిచ్చెను. 2018లో భారతప్రభుత్వము పద్మశ్రీ నిచ్చెను. ఆ సంవత్సరమే డిసెంబరు 25న ఆమె దివంగతురాలయ్యెను. కన్నడ పత్రికలు ఆమెను కన్నడనాటి తల్లిగా కీర్తించినవి. అది న్యాయమే. తెలుగు సంఘములు ఆమెను తమ మనిషిగా గుర్తించుటకు పద్మశ్రీ వచ్చువరకు ఆగవలసివచ్చుట మాత్రము శోచనీయము.

మూసిన తలుపును లోపలినుండి తెరచిన తెలుగు స్త్రీ దుర్గాబాయి దేశ్‌ముఖ్. 1909లో రాజమహేంద్రవరమున పుట్టి, ఉప్పుసత్యాగ్రహమున చెరసాలకు పోయి వచ్చిన ఆమె 1937లో చెన్నపట్టణమున ఆంధ్ర మహిళా సభను స్థాపించెను. భర్త పోయినవారు, భర్త విడిచినవారు, బాల్యమున బడి మానినవారు ఆమె యొద్దకు వచ్చిరి. నర్సు శిక్షణకు పోవలెనన్న పరీక్ష ప్యాసు కావలెను. పరీక్షకు బడి కావలెను. బడికి వయస్సు మీరెను. ఈ ముడిని ఆమె విప్పెను. పెద్దవయస్సు స్త్రీలకు కొద్దికాలములో మెట్రిక్యులేషను చదువు చెప్పించి పరీక్షకు పంపెను. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలైన పిమ్మట, 1958లో ఆ పద్ధతియే దేశవ్యాప్తమైన సంక్షిప్త విద్యాపథకమయ్యెను. నర్సులుగా, మంత్రసానులుగా, ఉపాధ్యాయినులుగా శిక్షణ పొందుటకు అర్హత లేనివారికి ఆ అర్హతను కల్పించుట దాని యుద్దేశము. సభ అడయారులో నర్సింగుహోము నడిపెను. హైదరాబాదున ఆసుపత్రియు, నర్సుల శిక్షణాలయమును నెలకొల్పెను. పరభాషా ప్రాంతమున నున్న ఒక తెలుగు సంఘము సభాభవనముతోను, వార్షికోత్సవముతోను ఆగక ఉపచారవృత్తిని చేపట్టిన సందర్భము ఇంతకు మించినది నాకు కనబడలేదు.

నేడు బళ్ళారిలో, బరంపురములో, షోలాపురములో వైద్యకళాశాలలును, వాటి యాసుపత్రులును కలవు. బీడీలు చుట్టి చుట్టి మెడ పట్టుకొనిపోయిన తెలుగు స్త్రీ షోలాపురపు వార్డులో మరాఠీ నర్సునకు తన బాధ చెప్పుకొనవలసియే యున్నది. ఆ మరాఠీ నర్సు దోషమేమియు లేదు. చెన్నపట్టణమున మలయాళ నర్సులు మన వారికి చేయు సేవ నేను ముప్పదియేండ్లు చూచితిని, వారికి నమస్కరింతును. వారి చేతికి మన మాటలు అందించుట మన పని. మన సంఘములు తలచినచో పెద్ద వ్యయము లేకుండ చేయదగిన దొకటి కలదు. ఇంటింట వృద్ధురాండ్రను అడిగి, దేహమునకును, నొప్పికిని, గర్భమునకును, పథ్యమునకును వారు వాడు మాటలను సేకరించి, ప్రక్కన కన్నడమునో, తమిళమునో, ఒడియానో, మరాఠీనో చేర్చి, చేతిలో పట్టునంతటి చిన్న పుస్తకముగ అచ్చువేసి ఆయా ఊళ్ళ నర్సుల శిక్షణాలయములకు ఇయ్యవచ్చును. నా వరకు నేను మూడువందల పదునేడు మాటలను వ్రాసి పెట్టితిని. అందు పావగడ, కోలారు సీమల మాటలు తక్కువగా నున్నవి. బరంపురము మాటలు దాదాపు లేవు. ఆ ప్రాంతముల సోదరీమణులు తమ ఇండ్ల అవ్వలను అడిగి పంపినచో ఆ పట్టికను పూర్తి చేయగలను. అవ్వలు ఉన్నప్పుడే అడుగవలెను.